బొంగరం తగిలిన కాలు

పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడు బొంగరాలాడే ఘట్టం ఒకటుంది. కారంపూడిలో యుద్ధానికి అంతా సిద్ధమవుతోంది. ఆ కబురు వింటే కొడుకు ఇంట్లో ఆగడని తల్లి ఐతమ్మకు తెలుసు. అందుకే వాడి చెవిన పడకుండా జాగ్రత్తపడింది. కుర్రవాడు తోటివాళ్ళతో కలిసి వీధిలో బొంగరం విసురుతున్నాడు. అది గురి తప్పి ఒక స్త్రీ కాలికి తగిలింది. ఆ బాధలో ఆమె, నీ వాళ్ళంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుకుంటున్నావా అని దులిపేసింది. తల్లి అన్నాళ్ళు దాచిన సంగతి అలా బయటపడింది.

శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యంలోనూ, పల్నాడులో వీరవిద్యావంతులు పాడే కథలోనూ ఈ ఘట్టం ఉంది. కథల్లో సన్నివేశం ఎలా నిలబడుతుందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. బొంగరం తీసేసి చూడండి. వేగులవాడు వస్తాడు, యుద్ధం కబురు చెబుతాడు, బాలచంద్రుడు కత్తి అడుగుతాడు. కథకు కావలసిన సమాచారం అందింది, మన మనసుకు మాత్రం ఏమీ అంటలేదు. బొంగరం ఉండబట్టే వాడింకా ఆటల వయసువాడని ఎవరూ చెప్పకుండా తెలిసింది. కబురు మరొకరు మోసుకొచ్చింది కాదు, వాడి చేతి విసురే దాన్ని బయటికి లాగింది. ఆమె తిడుతున్నంతసేపూ వాడు సిగ్గుపడాల్సిన వస్తువు తాలూకు తాడు వాడి వేలికే చుట్టుకుని ఉంటుంది. అలా అని కథ చెప్పకపోయినా నాకు కనపడుతుంది.

కొత్తగా రాస్తున్నవారు చదవమని ఇచ్చే కథల్లో నాకు తరచుగా ఎదురయ్యే సన్నివేశం వేరు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో కాఫీ కప్పులు. ఒకరి మనసులో ఉన్నది ఒకరికి పూర్తి వాక్యాల్లో చెప్పేస్తారు. కోపం వస్తే కోపం వచ్చిందంటారు, బాధ కలిగితే కళ్ళు తుడుచుకుంటారు. మధ్యమధ్య కాఫీ చల్లారిపోతుంది. మాటల్లో తప్పేమీ ఉండదు, రాసినవారి నిజాయితీలో అసలే ఉండదు. కానీ ఆ ఇద్దరి చేతులకు పని లేదు. ఏ మాటా దేనికీ అడ్డం పడదు, ఏదీ దేన్నీ ఆపదు. నిజ జీవితంలో మనం అంత సాఫీగా మాట్లాడుకోం. పప్పులో కంకర ఏరుతూ, బండి తాళం వెతుక్కుంటూ, పేకముక్కలు పంచుతూ మాట్లాడతాం. అసలు మాట ఆ పని సందుల్లోంచి జారిపడుతుంది.

చేతులకు పని కావాలంటే వంటో కుట్టో ఏదైనా సరిపోతుంది. ఆటకు మాత్రమే ఉన్నది వేరొకటుంది, అది నియమం. ఆడటానికి కూర్చున్న ఇద్దరూ ముందే కొన్ని ఒప్పుకుంటారు. ఇది చేయవచ్చు, ఇది చేయకూడదు, ఇంత పోగొట్టుకుంటే ఓడినట్టు. ఆ ఒప్పందం జరిగిన క్షణం నుంచీ పాఠకుడి చేతిలో ఒక కొలబద్ద ఉంటుంది. నియమం పక్కనే మనిషి ఎలా నిలబడ్డాడో చూడటమే ఇక మిగిలిన పని. కొందరు దాన్ని మీరతారు, కొందరు మీరే అవకాశం ఉన్నా మీరరు. ఇంకొందరు ఓడిపోతామని తెలిసీ చివరి ముక్క దాకా కూర్చుంటారు. వీడు మొండివాడు, వీడు దయగలవాడు అని రచయిత చెప్పనక్కరలేదు. ఎవరు గెలిచారన్నది నా దృష్టిలో చాలా తక్కువ విషయం.

టాల్‌స్టాయ్ రాసిన 'యుద్ధము-శాంతి' నవలలో నికొలాయ్ రోస్తోవ్ అనే యువకుడు దొలోహోవ్ అనే స్నేహితుడితో పేకాటకు కూర్చుంటాడు. అంతకు కొద్దిరోజుల ముందు దొలోహోవ్ సోన్యా అనే అమ్మాయిని పెళ్ళాడతానని అడిగాడు. ఆమె మనసు నికొలాయ్ మీద ఉంది, కాదంది. దొలోహోవ్ ఆ సంగతి మీద ఒక్క గొడవా పడడు. నికొలాయ్‌ని ఆటకు పిలుస్తాడు. నికొలాయ్ తండ్రి ఆ మధ్యే రెండు వేల రూబుళ్ళిచ్చాడు, అంతకుమించి అడగనని ఇతను మాటిచ్చాడు. చిన్న చిన్న పందేలతో మొదలైన ఆట రెండు వేలు దాటుతుంది, పదివేలు దాటుతుంది, ఆగదు. నికొలాయ్ చూపంతా దొలోహోవ్ చేతుల మీదే. చొక్కా చివర్ల కింద వెంట్రుకలు కనపడే, ఎముకలు వెడల్పుగా ఉన్న ఎర్రటి చేతులు. ముక్కలన్నీ ఆ చేతుల్లోనే ఉన్నాయి.

నష్టం 43 వేల రూబుళ్ళకు చేరేదాకా ఆడాలని దొలోహోవ్ మధ్యలోనే నిర్ణయించుకుంటాడు. ఎందుకు 43? అతని వయసూ సోన్యా వయసూ కలిపితే వచ్చే సంఖ్య అది. టాల్‌స్టాయ్ ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. దానితో లెక్కల పుస్తకంలోని అంకె కాస్తా తిరస్కారం పొందిన మనిషి గాయమైపోయింది. ప్రేమ గురించి ఆ బల్ల దగ్గర వచ్చే మాట దాదాపు లేదు. అయినా ఆ సన్నివేశమంతా ప్రేమ గురించే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఆ పేకాట ఎలా ఆడతారో నాకు తెలియదు. తెలుగులో ఆ నవల చదివినవాళ్ళలో నూటికి తొంభైమందికి కూడా తెలియకపోవచ్చు. అయినా ఎవరూ తికమకపడరు. పాఠకుడికి తెలియాల్సింది ఆట మొత్తం కాదు, సన్నివేశాన్ని నడిపే ఒక్క నియమం. దొలోహోవ్ ముక్కలు తిప్పుతాడు, నికొలాయ్ ఏదో ఒక ముక్క మీద డబ్బు పెడతాడు, అది ఎటువైపు పడితే వాళ్ళది. అంతవరకు చాలు. ఆటల మీద కథ రాసేవారిలో ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. తమకు రమ్మీ బాగా వచ్చు కాబట్టి ప్రతి సీక్వెన్సూ వర్ణిస్తారు, చదరంగం వచ్చు కాబట్టి ప్రతి ఎత్తూ చెబుతారు. మూడో ఎత్తు దగ్గర పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

డబ్బు పందెం లేకపోయినా ఆట గాయం చేయగలదు. జేన్ ఆస్టిన్ 'ఎమ్మా' నవల 1815 చివర్లో వచ్చింది. అందులో బాక్స్ హిల్ అనే కొండ మీదికి కొందరు వనవిహారానికి వెళ్తారు. ఎండ, విసుగు, ఒకరంటే ఒకరికి లోలోపల పడకపోవటం. పొద్దుపోవటానికి ఒక మాటల ఆట పెడతారు. ప్రతివాళ్ళూ చాలా తెలివైన మాట ఒకటి చెప్పాలి, లేదా ఓ మాదిరి తెలివైనవి రెండు, అదీ కాకపోతే పూర్తిగా పసలేనివి మూడు. మిస్ బేట్స్ అనే పెద్దావిడ, పేదరాలు, మాటలపోగు, మనసులో కల్మషం లేనిది, అయితే నాకు మూడోదే సులువు అని నవ్వుతూ అంటుంది. చిక్కల్లా మూడుతో ఆపటమే అన్న అర్థం వచ్చేట్టు ఎమ్మా తిప్పికొడుతుంది.

అందరి ముందూ ఒక నిస్సహాయురాలిని అలా అనటానికి ఎమ్మాకు మామూలుగా అయితే నోరు రాదు, పెంపకం అడ్డొస్తుంది. ఆట ఆ అడ్డు తీసింది. 'ఆటేగా' అన్న ముసుగు దొరికింది. పెళ్ళిళ్ళలో బావామరదళ్ళ పరిహాసాల్లో, పండగనాడు ఇంటిల్లిపాదీ ఆడే అంత్యాక్షరిలో మనమూ ఇలాంటి దెబ్బలు చూశాం. నవ్వుల మధ్య ఒకరి ముఖం ఒక్క క్షణం వాడిపోతుంది, వెంటనే ఆ మనిషీ నవ్వేస్తుంది. ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే పేజీలకొద్దీ సంభాషణ రాయాల్సిన పనిలేదు.

ఇక మన సభాపర్వం దగ్గరికి వద్దాం. నన్నయ తెనిగించిన ఈ పర్వంలోని ద్యూతం మనకు ఎంత పరిచయమంటే, అందులోని పనితనాన్ని చూడటం మానేశాం. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవనీ, అవి అతను చెప్పినట్టు పడతాయనీ జనంలో ఒక కథ ఉంది. సినిమాలూ నాటకాలూ దాన్ని ఇంకా స్థిరపరిచాయి. వ్యాసభారతానికి ఆ ఎముకల అవసరం లేదు. అక్కడ కీడు పాచికలకంటే ముందే, నియమంలో మొదలవుతుంది. ఆటకు పిలిచింది దుర్యోధనుడు, పందెం ఒడ్డేదీ అతనే, పాచికలు వేసేది మాత్రం మేనమామ. ఒకరి తరఫున మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు. చెప్పి, సరే కానిమ్మని కూర్చుంటాడు. ఆ చిన్న సర్దుబాటులోనే రాబోయేదంతా ఉంది. అన్యాయం కళ్ళముందు కనపడుతున్నా, పిలిచినప్పుడు లేచిపోకూడదన్న మరో కట్టుబాటుకు ఆ మనిషి తలవంచాడు.

తర్వాత ఒడ్డటం మొదలవుతుంది. మణులు, రథం, దాసీలు, ఏనుగులు, గుర్రాలు, చివరికి రాజ్యం. ఒక్కో పందేనికీ శకుని గెలిచానంటాడు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ గంట కొట్టినట్టు వినపడుతుంది. సొమ్ము అయిపోయాక తమ్ముళ్ళ వంతు. ముందు నకులుడు, తర్వాత సహదేవుడు. అప్పుడు శకుని ఒక మాట అంటాడు: మాద్రి కొడుకులను ఒడ్డావు, భీమార్జునులు నీకు ఎక్కువ కాబోలు. ఎంత లోతైన పోటు! ధర్మరాజు ఉలిక్కిపడి, మా మధ్య చీలిక తేవాలని చూస్తున్నావని మండిపడతాడు. వెంటనే అర్జునుణ్ణి ఒడ్డుతాడు, ఆ వెంట భీముణ్ణి, ఆ వెంట తననే. సవతితల్లి పిల్లలను ముందు ఒడ్డాడన్న నిజాన్ని పందేల వరస బయటపెట్టింది. అతనికి ఎవరంటే ఎంత ప్రేమో కవి ఎక్కడా విశ్లేషించలేదు. ఏది ముందు వదులుకున్నాడో, దేన్ని చివరిదాకా అట్టేపెట్టుకున్నాడో చూపాడు, అంతే.

ఇంతకంటే గొప్పది తర్వాత వస్తుంది. ద్రౌపదిని తెమ్మని ప్రాతికామి అనే సేవకుణ్ణి పంపితే ఆమె ఏడవదు, శపించదు, ఒక ప్రశ్న వేసి వెనక్కి పంపుతుంది. ఆయన ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను పోగొట్టుకున్నవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఉందా? చూడండి, అది ఆట నియమానికి సంబంధించిన ప్రశ్న. పిల్లలు వీధిలో 'నీ వంతు అయిపోయింది, ఇది చెల్లదు' అని పేచీ పెట్టుకునే ప్రశ్న లాంటిదే. కానీ దానికి సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ధర్మం సూక్ష్మమైనదంటూ భీష్ముడు తేల్చలేకపోతాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన లేచి మాట్లాడతాడు. భార్య భర్త ఆస్తా, బానిసకు ఆస్తి ఉంటుందా, రాజు చేసిందల్లా న్యాయమేనా అన్న పెద్ద ప్రశ్నలన్నీ ఆ ఒక్క ఆట తగాదాలోంచి లేచాయి. స్త్రీ హక్కుల మీద ద్రౌపది ఉపన్యాసం ఇచ్చి ఉంటే సభ విని మరిచిపోయేది. ఆమె వాళ్ళు ఒప్పుకున్న నియమాన్నే తీసి వాళ్ళ ముందు పెట్టింది. అందుకే వేల ఏళ్ళుగా మనం ఇంకా జవాబు వెతుకుతున్నాం.

అదే భారతంలో పాచికలు ఇంకో రెండుసార్లు వేరే పనులు చేస్తాయి. విరటుడి కొలువులో ధర్మరాజు కంకుడన్న మారుపేరుతో రాజుకు జూదంలో జతగాడు. ఉత్తరుడి విజయాన్ని రాజు పొగుడుతుంటే కంకుడు బృహన్నల ఉండగా గెలవక ఏమవుతాడంటాడు. రాజుకు కోపం వచ్చి చేతిలోని పాచికతో ముఖాన కొడతాడు, ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. ఒకప్పుడు తన సర్వస్వాన్ని ఊడ్చుకుపోయిన వస్తువే మళ్ళీ వచ్చి తగిలింది. నలుడి కథలో, జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. నేర్చుకునేది ఒక తాండ్రచెట్టు దగ్గర, ఆకులూ కాయలూ లెక్కపెట్టే సందర్భంలో. పాతకాలంలో జూదానికి వాడినవి ఆ తాండ్రకాయలే. ఓడించిన విద్యను కాయ కాసే చోటే నేర్వటం ఎంత అందమైన అమరిక!

ఆట ఎప్పుడూ మనిషిని పరీక్షించటానికే కాదు, మనిషి దాక్కోవటానికి కూడా పనికొస్తుంది. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన 'శత్రంజ్ కే ఖిలాడీ'లో ఇద్దరు లక్నో జాగీర్దారులు చదరంగం తప్ప మరో లోకం ఎరుగరు. ఒకరి బేగం విసిగి పావులన్నీ విసిరేసి తలుపు వేసేస్తే, మకాం రెండో ఆయన ఇంటికి మారుతుంది. అక్కడా నిలవనివ్వకపోతే గోమతి అవతల పాడుబడిన మసీదుకు పోతారు. తమ నవాబు వాజిద్ అలీ షాను కుంపిణీ వాళ్ళు పట్టుకుపోతున్నప్పుడూ వీళ్ళు ఆటలోనే ఉన్నారు. రాజ్యం కోసం కత్తి దూయని ఆ ఇద్దరూ బల్ల మీది మంత్రి కోసం దూసి ఒకరినొకరు పొడుచుకు చస్తారు. సత్యజిత్ రాయ్ 1977లో తీసిన సినిమాలో వాళ్ళను చంపలేదు. మళ్ళీ ఆటకు కూర్చోబెట్టాడు, ఈసారి ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో. నాకు సినిమా ముగింపే ఎక్కువ గుచ్చుకుంటుంది. దొరలు వచ్చేశారన్న సంగతి ఒక్క నియమం మార్పులో చెప్పటం చిన్న విద్య కాదు.

స్టీఫన్ జ్వైగ్ ఆఖరి రోజుల్లో రాసిన చదరంగం కథ అతను పోయాక 1942లో వెలువడింది. న్యూయార్క్ నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కు పోయే ఓడలో డాక్టర్ బి. అనే మనిషి ప్రపంచ విజేతతో ఆడతాడు. గెస్టపో వాళ్ళు అతన్ని ఒంటరిగా ఒక హోటల్ గదిలో బంధించినప్పుడు, దొంగిలించిన పుస్తకంలోని నూట యాభై ఆటలే అతనికి తోడు. అవి అయిపోయాక తనతో తానే ఆడి మతి చలించింది. ఓడలో ఎదుటివాడు ఇతని బలహీనతను కనిపెట్టి ఒక పని చేస్తాడు: ఎత్తుకు పది నిమిషాలని ముందు ఒప్పుకున్నారు కదా, ఆ పదీ వాడుకుంటాడు. నియమాన్ని రవ్వంత కూడా మీరలేదు. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి ఎదుటివాణ్ణి హింసించవచ్చని ఆ కథ చెబుతుంది. ఆఫీసుల్లో, అత్తవారిళ్ళలో ఈ హింస అనుభవించినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

మనవాళ్ళకు వచ్చిన ఆటల్లో కథకు పనికొచ్చేవి ఎన్నో ఉన్నాయి. నవలల్లో సినిమాల్లో అరిగిపోయిన చదరంగం బల్లకు కొన్నాళ్ళు సెలవివ్వవచ్చు. పులి-మేక తీసుకోండి. మండపాల బండల మీద, రచ్చబండ మీద గీతలు చెక్కి ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. ఇద్దరి బలం ఒకటి కాదు, ఇద్దరి పనీ ఒకటి కాదు. పులి దూకి చంపితే గెలుస్తుంది. మేక చంపలేదు, అన్నీ ఒక్కటై దారులు మూసేస్తే పులి కదలలేక ఓడుతుంది. దొరకూ పాలేరుకూ మధ్య, ముఠామేస్త్రికీ కూలీలకూ మధ్య నడిచే కథకు ఇంతకంటే తగిన ఆట ఎక్కడ దొరుకుతుంది? కానీ ఒక జాగ్రత్త. దొర చేత పులులనూ పాలేరు చేత మేకలనూ ఆడించి ఊరుకుంటే అది బొమ్మల కొలువు. సాయంత్రం పూట పాలేరు కొడుకు పులులు తీసుకుని, దొర కొడుకు మేకలు తీసుకుని, ఇద్దరూ స్నేహితులై ఆడుతుంటే అప్పుడు కథ కదులుతుంది.

వామనగుంటల్లో పద్నాలుగు గుంటలు, చింతగింజలు. పంచుకుంటూ పోవటమే ఆట, కాబట్టి అక్కాచెల్లెళ్ళ ఆస్తి పంపకాల ముందు రోజు రాత్రికి సరిపోతుంది. కోడిపందెంలో ఆడేది మనిషి కాదు. కత్తి కట్టి వదిలాక కోడి యజమాని చేయగలిగిందేమీ లేదు, చూస్తూ నిలబడటమే. కొడుకును పోటీ పరీక్షల్లోకి తోసిన తండ్రి ముఖాన్ని అక్కడ చూపవచ్చు. పేకాటకు ఉన్న గుణం, వేరేచోట సమానంగా కూర్చోలేనివాళ్ళను ఒక చాప మీద కూర్చోబెట్టటం. గురజాడ 'కన్యాశుల్కం'లో మధురవాణి, పోలిశెట్టి, భుక్త, సిద్ధాంతి కలిసి పేకాడే ఘట్టం చూడండి. వేశ్య, వ్యాపారి, బ్రాహ్మలు. ముక్కలు పంచినంతసేపే ఆ సమానత్వం.

మన మాటల నిండా ఆటలే ఉన్నాయి. పాచిక పారలేదంటాం, ఎత్తుకు పైయెత్తంటాం, ఆటకట్టంటాం, తురుపుముక్కంటాం. ఇవన్నీ ఒకప్పటి ఆటల్లోంచి రాలినవే. పాత్రలు నిజంగా చదరంగం ఆడుతున్నప్పుడు మాత్రం ఈ జాతీయాలను దగ్గరికి రానివ్వకూడదని నా అభిప్రాయం. బల్ల మీద శకటు కదులుతుండగా, 'అతను జీవితంలోనూ ఎత్తులు వేశాడు' అని రాస్తే, పాఠకుడు తనంతట తాను కనిపెట్టబోయిన దాన్ని మనం లాక్కున్నట్టవుతుంది.

బల్లా గవ్వలూ లేని చోట కూడా ఆట ఉంటుంది. లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో నటులకు శిక్షణ ఇచ్చిన కీత్ జాన్‌స్టన్ తన అనుభవాలను 1979లో 'ఇంప్రో' అనే పుస్తకంగా తెచ్చాడు. అతని నటులు అప్పటికప్పుడు అల్లిన సన్నివేశాలు చప్పగా ఉండేవి. ఎదుటివాడి కంటే మీ హోదాను కాస్త పైనో కాస్త కిందో ఉంచుకోండి, ఎక్కువ కాదు, కొంచెమే అని చెప్పాడట. అంతే, ఆ మామూలు మాటలకే ప్రాణం వచ్చింది. ఒకరు కుర్చీలో వెనక్కి వాలితే ఒకరు ముందుకు వంగుతారు. తూగుడుబల్ల ఒకటి కనపడకుండా కదులుతూ ఉంటుంది.

ఈ ఆటకు తెలుగు కంటే అనువైన భాష అరుదు. 'నువ్వు', 'మీరు' అన్న రెండు మాటలే చాలు. పదేళ్ళుగా 'ఒరే' అని పిలిచిన స్నేహితుడు అప్పు అడిగినరోజు నుంచి 'ఏమండీ' అంటాడు. డాక్టరైన కోడలిని అత్తగారు బంధువుల ముందు 'మీరు' అంటే, అది గౌరవమా దూరమా అని ఆ అమ్మాయి రాత్రంతా ఆలోచిస్తుంది. ఊరి కుర్రాడు అధికారిగా తిరిగివస్తే, చిన్నప్పుడు చెవి మెలిపెట్టిన పంతులుగారు ఏ పిలుపూ లేకుండా వాక్యం ముగించటానికి పడే అవస్థ చూడండి. సన్నివేశం చప్పగా ఉందనిపిస్తే నేను చేసే మొదటి పని, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో, ఎక్కడైనా ఆ పిలుపు మారగలదా అని వెతకటం. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు ఒక సన్నివేశాన్ని కలిసి కడదాం. కోడలు, కొడుకు హైదరాబాద్‌లో వేరు కాపురం పెట్టాలనుకుంటున్నారు. అత్తగారు ఒంటరిది. ఆమెకు ఆ సంగతి చెప్పటానికి కోడలికి నోరు రావటంలేదు. కాఫీ కప్పుల పద్ధతిలో అయితే ఆమె చెబుతుంది, ఈమె ఏడుస్తుంది. అలా కాకుండా, మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీయిద్దాం. ఐదుకు ఐదు గడులు, నాలుగు గవ్వలు, కాయలుగా ఒకరికి గాజుముక్కలు, ఒకరికి చింతగింజలు. పాఠకుడికి చెప్పాల్సిన నియమం ఒక్కటే. ఎదుటివారి కాయను ఒక్కదాన్నైనా చంపనిదే మన కాయ లోపలి వరసలోకి పోకూడదు. లోపలికి పోనిదే పండదు.

దీన్ని ముందుగా చెప్పేయకూడదు. పక్కింటి పిల్ల వచ్చి కూర్చుని, 'అక్కా, నీ కాయ బయటే తిరుగుతోందేం?' అని అడుగుతుంది. 'చంపితేగానీ పోనివ్వరమ్మా' అంటుంది అత్తగారు. నియమం అందిపోయింది.

కోడలు గవ్వలు వేస్తుంది. మూడు. మూడో గడిలో అత్తగారి గాజుముక్క ఉంది. కోడలు దాన్ని చూస్తుంది, ఇంకో కాయను జరుపుతుంది. పిల్ల ఊరుకోదు. 'అయ్యో, చంపొచ్చుగా!' అత్తగారు తలెత్తదు. 'కనపడలేదా?' అంటుంది.

'కనపడింది అత్తయ్యా.'

ఇంకో చుట్టు. మళ్ళీ అవకాశం వస్తుంది, మళ్ళీ వదిలేస్తుంది. ఆమె గింజలు నాలుగూ బయటి వరసలోనే తిరుగుతున్నాయి. వేరు కాపురం గురించి ఎవరూ నోరు విప్పలేదు. కానీ అత్తగారికి అర్థమైపోయింది. పాఠకుడికి ఆమె కంటే ఒక్క క్షణం ముందు అర్థమైతే ఇంకా మంచిది. ఇక ఆమె ఏం చేస్తుందన్నదే కథ. కోప్పడి గీతలు చెరిపేయవచ్చు. చూడనట్టు ఆడి గెలిచేయవచ్చు. రెండూ నమ్మదగినవే, రెండు వేర్వేరు అత్తగార్లు. నేను రాస్తే మాత్రం, ఆమె గవ్వలు వేస్తుంది, ఒకటి పడుతుంది. కదపటానికి వేరే కాయలున్నాయి. అయినా గీత కొట్టిన గడిలో, ఎవరూ చంపలేని చోట భద్రంగా ఉన్న గాజుముక్కను ఒక గడి బయటికి జరిపి, కోడలి గింజకు సరిగ్గా రెండు గడుల ముందు పెడుతుంది.

'రెండు వేయి' అంటుంది. 'నీకు రెండు బాగా పడతాయి.'

కోడలు గవ్వలు అందుకుంటుంది. గుప్పిట మూస్తుంది. పక్కింటి పిల్ల మోకాళ్ళ మీద ముందుకు వంగి గడులు లెక్కపెడుతోంది.